కరిష్యే – కరిష్యామి



గత మాఘమాసమున ఒక శనివారము ప్రాతఃకాలమున ఒక గృహస్థుడు తన కుమారుని వెంటబెట్టుకొని మా ఆలయమునకు వచ్చెను. బాలునికి పదునేడేండ్లుండవచ్చును. ప్రవేశపరీక్ష సమీపించుచున్నది గనుక విశేషార్చన చేయింపవలెనని తండ్రి సంకల్పము. దేశకాలములను కీర్తించి, గోత్రనామములను పలికించి, "మమ" అను పదము చెంతకు వచ్చితిమి. బాలుడు అచ్చటనే ఆగిపోయెను. "స్వామీ, మమ అంటే నాది అని కదా. ఈ కోరిక నాన్నగారిది. నేను మమ అనవచ్చునా?" అని అడిగెను.

తండ్రి ముఖము ఎఱ్ఱబారినది. నేను వినిపించుకొననట్లు నటించి ఆ పదమును తండ్రిచేత పలికించితిని. అర్చన ముగిసినది, తీర్థము ఇచ్చితిని, శఠారి పెట్టితిని, వారు వెడలిపోయిరి. ముప్పదియేండ్లకు పైగా సంకల్పము చెప్పించుచున్న నాకు ఆ ప్రశ్నకు ఉత్తరము తోచలేదు. ఆ రాత్రి నేను చదివి విడిచిన వ్యాకరణగ్రంథములను మరల విప్పితిని.

పాఠకులలో సంస్కృతము ఎఱుగనివారి కొఱకు ఒక విషయము చెప్పవలెను. సంకల్పాంతమున యజమానుడు "కరిష్యే" అనును. అతని కొఱకు మఱియొకడు చేయునప్పుడు "కరిష్యామి" అనవలెను. రెండింటికిని తెలుగున "చేయుదును" అనియే అర్థము. భేదమెక్కడ? క్రియాఫలము కర్తకే చెందునప్పుడు కొన్ని ధాతువులకు ఆత్మనేపదమును, అట్లు కానప్పుడు పరస్మైపదమును భగవాన్ పాణిని విధించెను. ఆత్మనేపదమనగా తన కొఱకైన పదము. పరస్మైపదమనగా పరుని కొఱకైన పదము. "కృ" ధాతువు ఇట్టిదే, "యజ" ధాతువును ఇట్టిదే. యజమానుడు "యజతే", ఋత్విక్కులు "యజంతి". ఈ పని ఎవరి కొఱకు అను ప్రశ్నను మన పూర్వులు క్రియాపదముననే నిలిపియుంచిరి. వాక్యము పలుకవలెనన్న ముందుగా ఆ ప్రశ్నకు ఉత్తరము తెలిసియుండవలెను.

క్రీ.పూ. రెండవ శతాబ్దమున ఈ విషయమే పతంజలి మహర్షి యెదుట ఒక చిక్కుగా నిలిచినది. అప్పుడు మగధరాజ్యమున పుష్యమిత్రుడు ఏలుచుండెను. చివరి మౌర్యరాజగు బృహద్రథుని, సేనను చూపు మిషతో, సేనాపతియగు పుష్యమిత్రుడు వధించెనని బాణభట్టు హర్షచరితమున వ్రాసెను. ఇది సుమారు క్రీ.పూ. 185 నాటి మాట. రాజైన పిమ్మటను అతడు సేనాపతి బిరుదమును విడువలేదు. అయోధ్యాశాసనము అతడు రెండు అశ్వమేధములు చేసినట్లు చెప్పుచు, సేనాపతి అనియే పేర్కొనుచున్నది. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమునందును అశ్వమేధవార్తను తెలుపు లేఖ సేనాపతి పేరుతోనే వచ్చును. స్వామిని చంపి సింహాసనమెక్కినవాడు యజ్ఞము ఏల చేసెను? ధర్మాభిలాషయా, పాపభీతియా, ప్రజలచే రాజుగా అంగీకరింపబడవలెనను ఆరాటమా? అశ్వమేధము సార్వభౌమత్వచిహ్నము గనుక మూడవదియే ముఖ్యమని నాకు తోచును. కాని మనుష్యుని హృదయమున కోరికలు ఒంటరిగా వసింపవు.

మహాభాష్యమున పతంజలి పుష్యమిత్రుని పేరును ఉదాహరణముగా గ్రహించెను. తాము పుష్యమిత్రునిచేత యజ్ఞము చేయించుచున్నామను అర్థము గల వాక్యము ఒకచోట కలదు. మహర్షి కాలనిర్ణయమునకు పండితులు దీనినే ఆధారముగా చూపుదురు. ప్రేరణార్థక ప్రత్యయమును విచారించు మఱియొకచోట ఆక్షేపము ఇట్లు పుట్టినది. పుష్యమిత్రుడు యజించుచున్నాడు, యాజకులు యజింపజేయుచున్నారు అని లోకమున అందురు. ఇది తలక్రిందులు కాదా? అగ్నియందు హవిస్సును వేయువారు యాజకులు. ధనమిచ్చి వారిచే చేయించువాడు రాజు. యాజకులు యజించుచున్నారు, పుష్యమిత్రుడు యజింపజేయుచున్నాడు అనవలెను గదా!

మహర్షి సమాధానము మిక్కిలి సరళము. యజించుటయనగా హవిస్సును అగ్నిలో వేయుట మాత్రమే కాదు, త్యాగము కూడ. చక్కగా త్యాగము చేయువానిని చూచియే లోకులు ఇతడు యజించుచున్నాడందురు. ఆ త్యాగము చేయువాడు పుష్యమిత్రుడు; యాజకులు అతనిని దానికి ప్రేరేపించువారు.

ఈ పంక్తులను నేను ఇరువదియేండ్ల వయస్సున చదివితిని, పరీక్షకొఱకు. ఇప్పుడు చదువగా చేయి వణకినది. కర్త ఎవడో తెలియుటకు పతంజలి చేతులవంక చూడలేదు, నోటివంక చూడలేదు, ఎవడు దేనిని విడుచుచున్నాడో చూచెను. ఆ బాలుడు నిద్రను విడుచుచున్నాడు, ఆటలను విడుచుచున్నాడు. తండ్రి ధనమును విడుచుచున్నాడు. అట్లయిన యజమానుడెవడు? విడుచుట వేఱు, విడిపింపబడుట వేఱు. బలవంతముగా లాగికొన్నదానిని త్యాగమనరాదు. ఈ మాట భాష్యమున లేదు, నేను చెప్పుచున్నాను.

మఱి దక్షిణ సంగతి యేమి? ఋత్విక్కునకు దక్షిణ లభించును గదా, అదియు ఫలమే గదా, అతనికిని ఆత్మనేపదము ఏల రాదని అడుగవచ్చును. ఏడవ శతాబ్దపు కాశికావృత్తి దీనికి ఉత్తరమిచ్చినది: దక్షిణ కర్తకు దక్కు ఫలమే యైనను, క్రియ దాని కొఱకు ఆరంభింపబడలేదు. మన శాతవాహనుల నానాఘాట్ శాసనమున యజ్ఞముల పేర్లతోబాటు వేలకొలది గోవులు, కార్షాపణములు దక్షిణలుగా లెక్కింపబడియున్నవి. ఇంత లెక్క వ్రాయించినవారికిని ఆ యజ్ఞములు గోవులను పంచుటకై చేసినవి కావు.

నా సంగతి దాచుట తగదు. తొమ్మిదవయేట నన్ను మా తండ్రిగారు వేదపాఠశాలలో చేర్చిరి. ఏల అని నేను అడుగలేదు, వారు చెప్పలేదు. కొన్నియేండ్లు దెబ్బలకు వెఱచి వల్లించితిని, తరువాత భుక్తికై వల్లించితిని. వేదము ముగింపగానే త్వరపడి వక్తలై, వ్యాకరణము నిరర్థకమను విద్యార్థులను గూర్చి పతంజలి భాష్యారంభముననే వాపోయెను. ఆ గుంపులో నేనొకడను. అట్టివారిని మహర్షి మందలింపలేదు. ఆచార్యుడు మిత్రుడై వారికి ప్రయోజనములను చెప్పుచున్నాడనెను. చెప్పిన ప్రయోజనములలో వేదరక్షణము వంటి గొప్పవి కలవు. ఒక చిన్నదియు కలదు: పుట్టిన బిడ్డకు పేరు పెట్టునప్పుడు అది కృదంతమై యుండవలెను, తద్ధితాంతము కారాదు, ఆ భేదము వ్యాకరణము లేక తెలియదు.

నాకు తలుపు తెఱచినది ఆ చిన్నదే. నా ప్రథమ సంతానమునకు పేరు వెదకుచు మూడు రాత్రులు దీపము ముందు కూర్చుంటిని. ఎవరును నన్ను కూర్చుండుమనలేదు. వేదరక్షణమని గురువుగారు నూఱుసార్లు చెప్పినను కదలని మనస్సు ఆ రాత్రులలో కదలినది. ఆ పిమ్మట వల్లించినదంతయు నాదైనది.

మీమాంసకులు విశ్వజిన్న్యాయమని ఒకటి చెప్పుదురు. ఏ యాగమునకు ఫలము చెప్పబడలేదో దానికి స్వర్గమే ఫలమని ఊహింపవలెను, అది అందఱికిని సమానముగా ఇష్టము గనుక. మన గృహములలో నేడు బిడ్డల చదువులకు ఈ న్యాయమే నడచుచున్నది. స్వర్గము అమెరికాలో నున్నది, అంతే భేదము. యాగవిషయమున జైమిని మహర్షి తీర్పు నిర్దోషము. బిడ్డ యెదుట నిలిచియుండగా అడుగక ఊహించుట మాత్రము న్యాయమునకు అపచారము.

ఆ తండ్రి ఇప్పటికిని ప్రతి శనివారము వచ్చుచున్నాడు. కుమారుని గోత్రనామములు చెప్పి అర్చన చేయుమని కోరును. నేను "కరిష్యామి" అని చేయుచున్నాను. మొన్న పళ్ళెమును అందించుచు, బాలుడు ఏమి చదువగోరుచున్నాడని అడిగితిని. తండ్రి కొంతసేపు విగ్రహమువంక చూచి, "అడగలేదండి" అనెను.