తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళు

రైల్లో ఇద్దరు తెలుగు ఆడవాళ్ళు ఎదురుబదురుగా కూర్చుంటే, బండి రెండు స్టేషన్లు దాటేలోగా చుట్టరికం తేలిపోతుంది. "మీదేవూరు? ఇంటిపేరేమిటి? అయితే ఫలానావారు మీకేమవుతారు?" మూడు ప్రశ్నలు చాలు. ఆవిడ మా పెద్దత్తగారి తోడికోడలికి స్వయానా మేనకోడలని బయటపడుతుంది. ఇంకేముంది, పులిహోర పొట్లం విప్పాల్సిందే!

ఈ విద్య మనకొక్కళ్ళకే వచ్చనుకునేరు. హంగరీ దేశంలో ఫ్రిగ్యెష్ కరింతి అనే రచయిత 1929లో ఒక కథ రాశాడు. ప్రపంచంలో ఏ మనిషి పేరు చెప్పినా సరే, తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళని పట్టుకుని అయిదుగురి ద్వారా చేరుకోవచ్చని అందులో ఒక పందెం. 1967లో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే కవర్లతో పరీక్షించి చూశాడు. ముక్కూ మొహం తెలియని ఒకాయనకి, పరిచయస్థుల చేతులమీదుగానే కవరు చేరాలి. చేరినవాటికి మధ్యలో అయిదారుగురే అవసరమయ్యారట. చాలా కవర్లు మాత్రం దారిలోనే ఆగిపోయాయి.

1997లో న్యూయార్క్‌లో పుట్టిన 'సిక్స్ డిగ్రీస్' వెబ్‌సైట్‌కి ఆ పేరు ఈ ఊహలోంచి వచ్చిందే. తర్వాత 2004 జనవరిలో ఆర్కుట్, ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, 2009లో వాట్సాప్. మన పిల్లలు నెత్తిన పెట్టుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. తక్కిన రెండూ మన వంటింటిదాకా వచ్చేశాయి.

వీటివల్ల ఎక్కువ మేలు జరిగింది ఆడవాళ్ళకేనంటాను నేను. పెళ్ళితో మనకి ఊరు మారుతుంది, చాలామందికి ఇంటిపేరూ మారుతుంది. స్కూల్లో పక్కన కూర్చున్న స్నేహితురాలి చిరునామా రెండు బదిలీలతో గల్లంతు. మగవాళ్ళ స్నేహాలు వీధి చివర కిళ్ళీకొట్టు దగ్గర కొనసాగితే, మనవి అత్తవారింటి గుమ్మంలో ఆగిపోయేవి. ఫేస్‌బుక్‌లో పుట్టింటి పేరు కూడా రాసుకున్నవాళ్ళు పాతికేళ్ళ తర్వాత ఒకరికొకరు దొరికారు. కష్టంలోనూ అంతే. 2015 డిసెంబరులో చెన్నైని వరద ముంచినప్పుడు, పడవ ఎక్కడ కావాలో, ఎవరింట్లో చోటుందో, జనం వీటిద్వారానే చెప్పుకున్నారు.

అయితే అబద్ధం కూడా ఆ దారినే వస్తుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని 2018లో వాట్సాప్‌లో పుకార్లు దేశమంతా పాకాయి. తల్లి మనసు కదా, నలుగురికీ చెప్పకుండా ఊరుకుంటుందా? ఆ జులై 1న మహారాష్ట్రలో ధూలే జిల్లా రైన్‌పాడాలో, ఊరూరా తిరిగి పొట్టపోసుకునే అయిదుగురిని జనం కొట్టి చంపేశారు. పిల్లల మీది ప్రేమతో పంపిన మాటే ప్రాణాలు తీసింది. ఆ నెలలోనే వాట్సాప్ కంపెనీ, మన దేశంలో ఒక మాటని ఒకేసారి అయిదు చోట్లకి మించి పంపకుండా కట్టడి పెట్టింది.

మన జోగులాంబ గద్వాల జిల్లాకీ ఆ పుకార్లు వచ్చాయి. వేసవిలో ఆరుబయట పడుకునే పల్లెజనం తలుపులు బిగించుకుని లోపల పడుకోవడం పోలీసులు గమనించారు. అప్పటి ఎస్.పి. రెమా రాజేశ్వరి తన సిబ్బందిని డప్పులతో, పాటలతో ఊళ్ళమీదికి పంపించారు. ఎదురుగా నిలబడి చెప్పేసరికి జనం విన్నారు. అక్కడ ఆ పుకారుకి ఎవరూ బలికాలేదు.

నూతి దగ్గర కబుర్లలో అబద్ధాలు లేవా అంటే, బోలెడు! కానీ అక్కడ చెప్పిన మనిషికి మొహం ఉండేది. "ఎవరు చెప్పారు?" అని నిలదీస్తే "ఫలానా వదిన" అని తేలేది. ఆ వదిన మాటలో ఎన్నోవంతు నమ్మాలో ఊరందరికీ తెలుసు. ఫోన్లో మాటకి ఊరూ పేరూ ఉండదు. పంపింది మన అక్కయ్యే, పుట్టించింది ఎవరో! అక్కయ్య మీద మనకున్న నమ్మకాన్ని ఆ ఎవరో వాడుకుంటున్నాడు.

అందుకని, ఈసారి అలాంటిదేదైనా వస్తే పదిమందికి పంపేముందు ఆవిడకే ఫోన్ చెయ్యండి. "ఇది నీకెవరు చెప్పారక్కా?" అని అడగండి. ఆవిడకీ తెలియకపోతే, మిల్‌గ్రామ్ గారి కవర్లలాగా అది మన చేతిలోనే ఆగిపోవడం మంచిది. ఆ వంకన అక్కయ్యతో నాలుగు మాటలు మాట్లాడినట్టూ ఉంటుంది.