బోధనాభ్యసనలలో వెబ్ రచనా సాఫ్ట్‌వేర్: ఒక చారిత్రక పరిశీలన

టిమ్ బెర్నర్స్-లీ 1990లో సెర్న్‌లో రూపొందించిన తొలి బ్రౌజర్ చదవడానికే పరిమితమైనది కాదు. పుటను అక్కడే సవరించి, మరో పుటకు లంకె వేసే వీలు అందులో ఉండేది. అయితే అది నెక్స్ట్ కంప్యూటర్లలో మాత్రమే పనిచేసేది. 1993లో మొజాయిక్ వెబ్‌ను జనంలోకి తీసుకువెళ్లినప్పుడు ఆ రచనా సౌకర్యం దానితోపాటు రాలేదు. ఉపాధ్యాయుడు పాఠకుడిగా మిగిలాడు. రాయాలంటే హెచ్‌టిఎంఎల్ సంకేతాలు నేర్చుకోవలసిందే. వెబ్ రచనా సాఫ్ట్‌వేర్ చరిత్రను ఈ లోటును పూడ్చే ప్రయత్నాల చరిత్రగానే చూడాలి.

వెర్మీర్ సంస్థ 1995లో విడుదల చేసిన ఫ్రంట్‌పేజ్‌ను మరుసటి ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ సొంతం చేసుకుంది. 1997లో మాక్రోమీడియా వారి డ్రీమ్‌వీవర్ వచ్చింది. ఉత్తరం టైపు చేసినంత సులువుగా పుటను కూర్చే వీలు వీటివల్ల కలిగింది. కానీ ఇవి ప్రధానంగా పుట రూపాన్ని తీర్చే పరికరాలు. పాఠ లక్ష్యం, అభ్యాసం, స్వీయ పరీక్ష వంటివి మొదట్లో వీటి ఊహలో లేవు. వాణిజ్య అవసరాలకు పుట్టిన సాధనాన్ని తరగతి గది అరువు తెచ్చుకుంది.

తెలుగు పాఠాల విషయంలో చిక్కు మరింత లోతైనది. 1991 నాటి తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉన్నా, సాధారణ వినియోగదారుకు అది అందడానికి గౌతమి ఖతితో 2001లో విండోస్ ఎక్స్‌పి రావలసివచ్చింది. ఆలోగా ఒక్కో ఖతిది ఒక్కో సంకేత పద్ధతి. రోమన్ అక్షరాల స్థానాల్లో తలకట్లు, కొమ్ములు, ఒత్తులను ముక్కలుగా అమర్చేవారు. తెరపై ‘క్షేత్రయ్య’ అని కనిపించినా కంప్యూటరు దృష్టిలో అది అర్థంలేని రోమన్ అక్షరాల వరుస. ఆ ఖతి లేని యంత్రంలో విద్యార్థికి కనిపించేదీ అదే. ఈ బాధ తప్పించుకోవడానికి పాఠాన్ని బొమ్మగా మార్చి పెట్టడం మరో దారి. బొమ్మను చదవవచ్చు, కానీ అందులో ఒక పదాన్ని వెతకలేం, ఉదాహరించడానికి నకలు తీసుకోలేం. చూపులేని విద్యార్థికి తెరను చదివే సాఫ్ట్‌వేర్ దాన్ని వినిపించలేదు. పదప్రయోగ పరిశీలనపై ఆధారపడే సాహిత్య పరిశోధనకు ఇది చిన్న నష్టం కాదు.

పాఠం కోసమే పుట్టిన సాధనాల్లో ప్రత్యేకంగా పేర్కొనదగినది న్యూజిలాండ్‌లో ప్రభుత్వ నిధులతో మొదలైన ఈఎక్స్‌ఈ. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. లక్ష్యాలు, పఠన కృత్యం, బహుళైచ్ఛిక ప్రశ్న వంటి అచ్చులు ఇందులో సిద్ధంగా ఉంటాయి. తయారైన పాఠాన్ని సాధారణ వెబ్ పుటలుగానూ పొందవచ్చు. దీని అభివృద్ధిని తరువాత స్పెయిన్‌లోని విద్యాసంస్థలు కొనసాగించాయి.

ఆకర్షణలో దీన్ని మించిన ఫ్లాష్ పాఠాల గతి వేరు. 2020 డిసెంబరు 31తో అడోబి ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు నిలిపివేసింది. మూల ఫైలు దాచుకోని పాఠాలను సవరించే దారి దాదాపు మూసుకుపోయింది. హెచ్‌టిఎంఎల్‌లో రాసిన 1990ల నాటి సాదా పుటలు మాత్రం నేటికీ బ్రౌజర్లో తెరుచుకుంటాయి. వాటిలోని తెలుగును చదవాలంటే అప్పటి ఖతిని వెతికి తెచ్చుకోవాలి, లేదా ఖతిమార్పిడి సాఫ్ట్‌వేర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి.