సమర్త నుంచి సిలబస్ దాకా

మన పల్లెల్లో ఆడపిల్ల పెద్దమనిషయితే ఊరందరికీ తెలిసేది. మూలన చాప వేసి కూర్చోబెట్టేవారు. కంచం, చెంబు విడిగా పెట్టేవారు. నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి తినిపించేవారు. ముత్తయిదువలు హారతి పట్టి పాటలు పాడేవారు. ఇంత సందడిలోనూ ఒంట్లో ఏం జరుగుతోందో ఆ పిల్లకు విడమరిచి చెప్పేవాళ్లు బహు తక్కువ.

అప్పటి పెద్దలకు అది లోటుగా తోచలేదు. అగ్రకులాల్లో చాలామందికి ఈడేరక ముందే పెళ్లి, మిగతావాళ్లలోనూ ఆ తర్వాత కొద్దికాలానికే. చెప్పవలసిన నాలుగు ముక్కలు శోభనం ముందు ఏ వదినో, మేనత్తో చెవిన వేసేది. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14కు, 1978 సవరణ 18కి పెంచాయి. చదువులు దాన్ని ఇంకా వెనక్కి జరిపాయి. వదిన చెప్పే ఘడియ పదేళ్లు దూరం జరిగితే, ఆ పదేళ్ల బాధ్యత తల్లిదండ్రులు తీసుకోలేదు. దీన్ని సంప్రదాయమని సరిపెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. మగపిల్లలకైతే ఆ వదిన మాట కూడా లేదు.

బొంబాయిలో ర.ధో. కర్వే 1927 నుంచి 'సమాజ స్వాస్థ్య' పత్రికలో ఇళ్లలో చెప్పని ఈ లైంగిక సంగతులు రాసి కోర్టు మెట్లెక్కారు. ఆయన తరఫున అంబేద్కర్ వాదించారు. తెలుగులో ఈ పని చాలావరకు వారపత్రికల మీద పడింది. నాస్తికోద్యమ నేత గోరా కుమారుడు, విజయవాడ డాక్టర్ సమరం పాఠకుల సందేహాలకు సూటిగా జవాబులిచ్చారు. తండ్రి చదివి పరుపు కింద పెట్టిన పత్రికనే కొడుకు దొంగచాటుగా చదివేవాడు. ఇద్దరికీ తెలిసిన ఆ సంగతి ఇద్దరి మధ్యా మాటగా రాలేదు.

హెచ్‌ఐవీ భయం వచ్చాక ప్రభుత్వం కదిలింది. 2005లో బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలైంది. 2007లో మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక వంటి రాష్ట్రాలు వద్దన్నాయి. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ కూడా బడుల్లో లైంగిక విద్య కూడదంది. చెబితే పిల్లలు చెడిపోతారన్నదే తల్లిదండ్రుల భయం. 2007లోనే వెలువడిన కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ అధ్యయనంలో 13 రాష్ట్రాల పిల్లలను అడిగితే, సగానికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఆ సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చెప్పకుండా ఉంచితే పిల్లలు భద్రంగా ఉంటారని ఇంకా ఎలా అనగలం?

పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టేందుకు 2012లో పోక్సో చట్టం వచ్చాక 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' పాఠానికి అమ్మానాన్నలు ఇష్టంగానే ఒప్పుకుంటున్నారు. ప్రమాదం గురించి చెప్పడం తేలికైంది. గర్భనిరోధం, అంగీకారం, కోరిక అనే మాటలు వచ్చేసరికి మాత్రం 'ఇంటర్ అయ్యాక చూద్దాంలే' అంటున్నారు. ఆ మాటలు కొడుకు దగ్గర ఎత్తే తండ్రి ఇప్పటికీ అరుదు.