పాకాన పడ్డ మాట

వ్యవహారం పాకాన పడిందంటాం. అక్కడ పొయ్యి ఉండదు, పంచదార ఉండదు, అయినా వినేవాడికి సంగతి తెలిసిపోతుంది. తెలుగువాడి నాలుక మీద పాకం అంత గట్టిగా కూర్చుంది.

సంస్కృతంలో 'పచ్' ధాతువుకు వండటమూ పండటమూ రెండూ అర్థాలే. పాకశాలలో ఉన్నదీ, పరిపాకంలో ఉన్నదీ ఆ పాకమే. తెలుగింటికి వచ్చాక అది బెల్లం దగ్గరా పంచదార దగ్గరా స్థిరపడింది. మనవాళ్లు దానికి కట్టిన మెట్లు చూడండి: లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం. అరిసెలు చేసే ఆవిడ పళ్లెంలో చన్నీళ్లు పోసి ఒక చుక్క వేస్తుంది. చుక్క కరిగిపోతే ఇంకా కాగాలి. వేలితో దగ్గరకు తీస్తే మెత్తని ఉండయితే బెల్లం దింపేయొచ్చు. పప్పుచెక్కకైతే ఆ ఉండ పళ్లేనికేసి కొడితే టంగుమనాలి.

కేకుల మీద వాడే ఫాండెంట్‌కు పునాది ఈ ఉండపాకమే. బేకరీ పుస్తకాలు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ అని రాసేదాన్ని ఆవిడ వేలు చెబుతుంది. ఫ్రెంచిలో 'ఫోండ్ర్' అంటే కరగటం, 'ఫోండాఁ' అంటే కరిగేది. నోట్లో వేసుకోగానే కరిగే బేరిపండునూ వాళ్లు ఆ మాటతోనే పిలుస్తారు. మన మాటా వాళ్ల మాటా రెండూ పండుకీ పంచదారకీ మధ్య తిరుగుతున్నాయి. నూజివీడు చిన్నరసం మామిడి తిన్నవాళ్లకు ఈ చుట్టరికం వింతగా అనిపించదు. ఆ పండుకు కత్తితో పని లేదు. మెత్తగా పిసికి, ముచ్చిక దగ్గర సొన పిండేసి, జుర్రుకోవటమే.

సుమారు పదో శతాబ్దం నాటి రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో కవిత్వానికి తొమ్మిది పాకాలు చెప్పి, వేప, వంకాయ, చింత, దోస అంటూ కాయల పేర్లే పెట్టాడు. వాటిలో సహకారపాకం మన మామిడిది: మొదట అంతంతమాత్రం, చివరికి తీపి. మామిడితోటల మధ్య పెరిగినవాడెవడైనా ఈ లెక్కకు తల ఊపుతాడు. కోసిన కాయను గడ్డిలో మాగేస్తారు, ఆ మాగే రోజుల్లోనే తీపి దిగుతుంది. కార్బైడుతో మగ్గించిన కాయకు రంగు వస్తుంది గాని ఆ రుచి రాదు. ఆహార భద్రత నిబంధనలు దాన్ని నిషేధించాయి కూడా.

ఫాండెంట్‌లోనూ తొందరకు చోటు లేదు. పాకం దించి, కదపకుండా సుమారు 50 డిగ్రీలకు చల్లారనివ్వాలి. వేడి మీదే కలిపితే పంచదార పెద్ద పలుకులు కట్టి నాలుక్కి గరగర తగులుతుంది. చల్లారాక కలిపితే పలుకు సన్నబడి, గిన్నెలోది తెల్లగా వెన్నలా అవుతుంది. కొంచెం గ్లూకోజ్ సిరప్ గాని నాలుగు చుక్కల నిమ్మరసం గాని పడితే పలుకు పెరగదు. పాకం అంటే మంట మీది పనే అనుకుంటాం గాని, పండటం అనే పాత అర్థం, అంటే ఆగటం, ఇక్కడ ఇంకా బతికే ఉంది. నాకు ఈ మాట మీద ఇష్టం అందుకే.

చపాతీలా ఒత్తి కేకు మీద కప్పే ఫాండెంట్ వేరే సరుకు. ఐసింగ్ షుగర్, జెలటిన్, గ్లూకోజ్, గ్లిజరిన్, కొంచెం కొవ్వు కలిపి పిసుకుతారు. కొనేవాళ్లు శాకాహారులైతే ప్యాకెట్టు మీద పచ్చచుక్క చూసుకోవాలి, జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది. ముద్ద లాగితే పిగిలిపోకుండా సాగాలి. మన వేసవి ఉక్కలో, ఫ్రిజ్‌లోంచి తీయగానే, దానికి చెమట పడుతుంది. రసాల గుజ్జు పెట్టిన కేకు మీద నేరుగా పరిచారా, గుజ్జులోని నీటికి కరిగి జారిపోతుంది. మధ్యలో గట్టి బటర్‌క్రీం పూత వెయ్యాలి.