అవధాన సభలో స్కిల్ చెక్

ఈ ఎపిసోడ్‌లో ఒకటే ప్రశ్న: ఆటలో పాచిక ఎప్పుడు వేయించాలి?

కొత్తగా చూస్తున్నవాళ్లకు ఒక ముక్క చెప్తాను. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటే నలుగురైదుగురు కూర్చుని కథ ఆడటం. గేమ్ మాస్టర్ పరిస్థితి చెప్తాడు, మనం మన పాత్ర ఏం చేస్తుందో చెప్తాం. ఆ పని అవుతుందో కాదో తేలనప్పుడు పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర నైపుణ్యం కలుపుతాం. అదే స్కిల్ చెక్.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డన్జన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఇప్పుడున్నంత స్కిల్ లిస్టు లేదు. గోడ ఎట్లా ఎక్కుతావో నోటితో చెప్తే గేమ్ మాస్టర్ తీర్పు ఇచ్చేవాడు. 1975లో గ్రేహాక్ పుస్తకంతో దొంగ పాత్ర వచ్చింది, తాళం తీయడానికి ఇంత శాతం అని లెక్క వచ్చింది. 2000లో మూడో ఎడిషన్ అన్ని నైపుణ్యాలకూ ఒకే సూత్రం పెట్టింది: ఇరవై ముఖాల పాచిక, దానికి నైపుణ్యం కలుపు, పెట్టిన అంకెను అందుకో. ప్రోగ్రామ్ రాసేవాడిగా నాకు అది ముచ్చటగానే ఉంటుంది. ఒకే ఫంక్షన్, ఏ పనికైనా పిలవొచ్చు. అయితే పిలవడం సులువయ్యేసరికి చాలామంది ప్రతిదానికీ పిలుస్తున్నారు. తలుపు తీయడానికి పాచిక, బావిలోకి తొంగి చూడటానికి పాచిక.

నైపుణ్యానికి పరీక్ష పెట్టి, దాన్నే నలుగురూ చూసే ఆటగా మార్చడం మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. అది అవధానం. తిరుపతి వేంకట కవులు దాన్ని ఊరూరా తిప్పారు. మా కడప జిల్లా ప్రొద్దుటూరులో దుర్భాక రాజశేఖర శతావధాని (1888–1957), గడియారం వేంకట శేషశాస్త్రి (1894–1980) జంటగా అవధానాలు చేశారు. తర్వాత అదే ఊరి నుంచి శతావధాని సి.వి. సుబ్బన్న వచ్చారు.

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు చుట్టూ కూర్చుంటారు. దత్తపదిలో పొంతన లేని నాలుగు పదాలిచ్చి, వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరిలో అక్షరం అక్షరానికీ అడ్డు పడతారు. సమస్యలో అర్థం పొసగని పాదమిచ్చి పొసిగించమంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏదో ఒకటి అడిగి ధ్యాస చెడగొడతాడు. ఒక్కో ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున పద్యాలు పూర్తవుతాయి. చివర్లో అన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి.

గేమ్ మాస్టర్లు ఇందులో నుంచి మూడు విషయాలు తీసుకోవచ్చు. మొదటిది, ఇబ్బంది ఏందో ముందే, అందరికీ వినపడేలా చెప్పాలి. దత్తపది పదాలను పద్యం మొదలయ్యాక మార్చరు. అట్లే గండికోట గోడ ఎక్కించేటప్పుడు "15 రావాలి, రాకపోతే కావలివాడు మేలుకుంటాడు" అని పాచిక చేతిలో ఉండగానే చెప్పండి. రెండోది, కష్టానికి ఒక రూపం ఉండాలి. నిషిద్ధాక్షరి కష్టం వేరు, సమస్య కష్టం వేరు. గోడ మీద రాయి జారుతోందా, కింద పెన్నా లోయ చూసి కళ్లు తిరుగుతున్నాయా? అది తెలిస్తే ఆటగాడు తాడు వాడాలా, తెల్లారేదాకా ఆగాలా అని ఆలోచిస్తాడు. మూడోది, ఒకచోట తడబడితే సభ అయిపోదు, తర్వాతి పృచ్ఛకుడు కాచుకుని ఉంటాడు. ఓడినా కథ ఏదో ఒక దారి పట్టాలి. గెలిచినా ఓడినా ఏమీ మారదంటే ఆ పాచిక వేయించొద్దు.

ఇంతవరకూ అవధానం వైపే మాట్లాడాను. కానీ ఒక్కచోట పాచికదే పైచేయి. అవధాని తన సొంత విద్యతో ఆడాలి. ఛందస్సు, సంస్కృతం, ఏళ్ల అభ్యాసం లేనివాడికి ఆ పీట మీద చోటు లేదు. ఆ చదువు ఒకప్పుడు ఎన్ని ఇళ్లకు అందిందో మనకు తెలుసు. పాచిక ఉంటే పద్యం రానివాడు కూడా ఆ రాత్రికి శతావధాని కావచ్చు.

అందుకే నాకు కోపం తెప్పించేది ఇది. కర్నూలు పిల్లోడు ఒకడు మాటకారి రాయబారి పాత్ర తీసుకుంటాడు. కొండారెడ్డి బురుజు దగ్గర కావలివాడితో "అన్నా, రోంత గేటు తీయన్నా" అంటాడు. గేమ్ మాస్టర్ నవ్వి, "ఇట్లా అడిగితే ఎవడు తీస్తాడు?" అని పాచిక కూడా వేయనివ్వడు. గోడ ఎక్కే పాత్ర ఆడేవాణ్ని లేచి గోడ ఎక్కి చూపించమనం కదా! మరి మాటకారి పాత్ర ఆడేవాడి యాసకు ఎందుకు మార్కులు వేస్తున్నాం? వాడు ఏం అడిగాడు, బదులుగా ఏం ఇస్తానన్నాడు, అది చూసి అంకె పెట్టండి. మిగతాది పాత్ర నైపుణ్యం, పాచిక చూసుకుంటాయి.

మీ ఆటలో ఇట్లాంటిది జరిగితే ఆ పూటే మాట్లాడి సరిచేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.