గాయపడిన క్రీడాకారునికి తోడెవరు?

ఉత్తరాంధ్రలో బలానికి ఎప్పుడూ గౌరవముంది. సంక్రాంతి దినాలలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో సంగిడి రాయి ఎత్తే పోటీలు, కబడ్డీ పోటీలు నేటికీ జనాన్ని రప్పిస్తాయి. విజేతల పేర్లను ఊరు తరతరాలు గుర్తుంచుకుంటుంది. అయితే అదే బరిలో గాయపడి ఇంటికి చేరినవారి చరిత్రను ఎవరూ వ్రాయరు. వైద్యునిగా నా దృష్టి ఎప్పుడూ ఆ రెండవ చరిత్ర మీదనే నిలిచింది. ఆటలో దెబ్బ తగిలిన మొదటి కొన్ని నిమిషాలలో ప్రక్కన ఎవరున్నారు, వారేమి చేశారు అన్నదానిమీద ఒక జీవితమే ఆధారపడిన సందర్భాలు అనేకం.

మన ప్రాంతపు బలశాలులలో మొదట చెప్పవలసిన పేరు కోడి రామమూర్తి నాయుడు గారిది. 1882లో వీరఘట్టంలో జన్మించి, విజయనగరంలో వ్యాయామవిద్య అభ్యసించి, అక్కడనే వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసి, పిమ్మట సర్కసు కంపెనీ నెలకొల్పారు. ఉక్కు గొలుసులు తెంచడం, కదలబోయే కార్లను పట్టి నిలపడం, ఛాతీపై ఏనుగును ఎక్కించుకోవడం ఆయన ప్రదర్శనలు. ‘కలియుగ భీముడు’ అన్న బిరుదు ఆ విధంగా వచ్చినదే.

ఆ భీముని దేహమూ దెబ్బలకు అతీతం కాలేదు. ఒక ప్రదర్శనలో ఏనుగు పాదానికీ ఛాతీకీ మధ్య ఉంచిన బల్ల విరిగి ప్రక్కటెముకలు దెబ్బతిన్నాయనీ, చాలాకాలం చికిత్స పొందవలసివచ్చిందనీ ఆయన జీవితచరిత్రలు చెబుతాయి. తరువాతి దశలో కాలిపై రాచపుండు లేచి, చివరకు కాలినే తొలగించవలసివచ్చింది. మత్తుమందు పుచ్చుకోకుండా ప్రాణాయామబలంతో ఆ శస్త్రచికిత్సను భరించారని ప్రతీతి. ఆయన 1942లో ఒడిశాలో కన్నుమూశారు.

ఈ కథ విన్నవారు ఆయన ధైర్యానికి చేతులెత్తి మ్రొక్కుతారు. నేనూ మ్రొక్కుతాను. కాని దానితోపాటు ఆ కాలపు వైద్యాన్ని కూడా గమనించాలి. క్లోరోఫారం 1847 నుండే వాడుకలో ఉంది. విశాఖపట్టణంలో వైద్య కళాశాల 1923లో ఏర్పడింది. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్నా, రోగుల మీద ప్రయోగించడం 1941లో గాని మొదలుకాలేదు. కనుక ఆనాడు కాలిపుండు ముదిరితే ప్రాణం నిలపడానికి అవయవాన్ని తీసివేయడం తప్ప వైద్యుని చేతిలో మిగిలిన మార్గాలు బహు తక్కువ. నేడు ఆ మార్గాలున్నాయి. అందువల్ల నొప్పిని పంటి బిగువున భరించడమే వీరత్వమని మన పిల్లలకు నేర్పడం ఇక తగదు. నొప్పి శరీరం పంపే హెచ్చరిక. దానిని అణచివేసినంత మాత్రాన లోపలి గాయం మానదు.

ఈ విషయాన్ని చక్కగా చెప్పే రెండవ చరిత్ర కరణం మల్లీశ్వరి గారిది. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేట ఆమె ఊరు. గురువు నీలంశెట్టి అప్పన్న గారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో 110, 130 కిలోలు, అనగా మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యపతకం సాధించారు. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. నాలుగేళ్ల తరువాత ఏథెన్సులో వెన్ను కండరాలు పట్టివేయడంతో పోటీ పూర్తిచేయలేక వెనుదిరగవలసివచ్చింది. దేశమంతా పతకానికి ఎదురుచూస్తున్న వేళ బరువును క్రింద వదలి రావడం అవమానం కాదు. పట్టివేసిన వెన్నుతో బరువు ఎత్తితే వెన్నుపూసల మధ్యనున్న మెత్తని బిళ్ల జారి, నరాన్ని నొక్కి, జీవితకాలపు బాధ మిగలవచ్చు.

ప్రపంచ క్రీడారంగం ఈ పాఠాన్ని ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది. 1978 సెప్టెంబరు 10న ఇటలీలోని మోంజాలో జరిగిన ఫార్ములా వన్ కార్ల పందెంలో, ఆరంభమైన క్షణాలలోనే పలు కార్లు ఢీకొన్నాయి. స్వీడన్ దేశీయుడైన రోనీ పీటర్సన్ రెండు కాళ్లూ నుజ్జయ్యాయి. తోటి పోటీదారులే మంటలలోనుండి అతనిని బయటకు లాగారు. పందేల వైద్యుడు సిడ్ వాట్కిన్స్ అక్కడికి చేరబోగా పోలీసుల వరుస ఆయననే అడ్డగించింది. అంబులెన్సు ఆలస్యమైంది. ఆ రాత్రి శస్త్రచికిత్స జరిగినా, విరిగిన ఎముకల మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసి అవయవాలకు ప్రవాహాన్ని అడ్డగించడంతో పీటర్సన్ మరునాడే మరణించాడు. ఆ పిమ్మట వాట్కిన్స్ పట్టుబట్టి, పందెం తొలి చుట్టులో వైద్యుని కారు పోటీకార్ల వెనుకనే సాగే పద్ధతిని సాధించారు. ఆ ఏర్పాటు తరువాత ఎందరి ప్రాణాలనో కాపాడింది. వైద్యుడు ఎంత నిపుణుడైనా, అతనికి దారి విడిచే నియమం లేకపోతే ఆ నైపుణ్యం నిష్ఫలమని మోంజా నిరూపించింది.

మన పల్లెపోటీలకు ఫార్ములా వన్ ఏర్పాట్లు అవసరం లేదు. నెల్లిమర్ల ప్రక్కనున్న కొండవెలగాడ వంటి గ్రామం వెయిట్‌లిఫ్టర్లను తయారుచేసి అంతర్జాతీయ వేదికలకు పంపింది. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో పతకం తెచ్చింది. ఇంతటి క్రీడాకారులను కన్న నేలకు, వారి ప్రక్కన నిలిచే పద్ధతి కూడా తెలిసి ఉండాలి.

నా ఉద్యోగకాలంలో తరచు చూసిన దృశ్యమొకటి చెబుతాను. కబడ్డీలో భుజం జారిన యువకుని చేతిని మిత్రులే బలంగా లాగి సరిచేయబోతారు. కీలు ప్రక్కనే పోయే నరమూ రక్తనాళమూ ఆ లాగుడుకు దెబ్బతింటాయి. మరికొందరు విరిగిన ముంజేతికి వెదురుబద్దలతో బిగుతుగా నాటు కట్టు కట్టించి రెండవరోజు తెస్తారు. అప్పటికి వ్రేళ్లు నల్లబడి ఉంటాయి. వెదురుబద్దల కట్టు సుశ్రుతుని కాలంనుండి ఉన్నదే. ఎముకలు విరగడాన్ని పన్నెండు విధాలుగా, కీళ్లు తొలగడాన్ని ఆరు విధాలుగా ఆయన సంహిత వర్గీకరించింది. దోషం బద్దలో లేదు, అతిబిగింపులో ఉంది.

కనుక పోటీలు నిర్వహించే పెద్దలు ఈ కొద్ది విషయాలను పాటించాలి. గాయపడినవాడు ఆడాలా, మానాలా అన్న నిర్ణయం ముందుగా నియమించిన ఒక్కరిదే కావాలి. అది జట్టు నాయకునిదో, పందెం కట్టినవారిదో కారాదు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం స్పృహ తప్పినా, మాట తడబడినా ఆ రోజు మళ్లీ బరిలోకి దింపరాదు. మెడకు దెబ్బ అనుమానముంటే, అక్కడే ఉంటే ప్రాణాపాయమైతే తప్ప, పడినచోటనుండి కదల్చరాదు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి పట్టాలి. విరిగిన అవయవాన్ని ఉన్నస్థితిలోనే ఆధారమిచ్చి ఉంచాలి. శ్వాస, కదలిక లేక కుప్పకూలితే రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతున నొక్కుతూ 108కి ఫోను చేయించాలి. అంబులెన్సు వచ్చే దారిలో బండ్లు నిలపకుండా ఇద్దరిని కాపలా ఉంచాలి. నొప్పి తెలియకుండా మాత్ర వేసి తిరిగి ఆడించే అలవాటును పూర్తిగా మానుకోవాలి.

గాయం మానే వారాలలో అతని ఇంటికి వెళ్లి పలకరించడం కూడా చికిత్సలో భాగమే. గెలిచిన రోజున భుజాలమీద ఎత్తుకున్న ఊరు, పడిన రోజున ఆ భుజాలను అతనికి ఆసరాగా ఇవ్వాలి. రాబోయే సంక్రాంతికి బహుమతుల జాబితా వ్రాసేటప్పుడు, ప్రథమచికిత్స పెట్టె ఎవరి వద్ద ఉండాలో ఆ పేరు కూడా అదే కాగితంపై వ్రాయండి.