ప్లెయిన్స్ క్యూపిడ్

ప్లెయిన్స్ క్యూపిడ్ లైకేనిడే కుటుంబానికి చెందిన చిన్న నీలి సీతాకోకచిలుక. దీని శాస్త్రీయ నామము లూథ్రోడెస్ పాండవ. పాత పుస్తకాలలో ఖిలాడెస్ పాండవ అని ఉంటుంది. 1829లో థామస్ హార్స్‌ఫీల్డ్ దీనిని వర్ణించాడు. మన ఇతిహాసాల పేర్లను సీతాకోకచిలుకలకు పెట్టుట ఆనాటి పాశ్చాత్య శాస్త్రజ్ఞులకు పరిపాటి.

గుర్తింపు

రెక్కలు విప్పినపుడు వెడల్పు సుమారు 3 సెం.మీ. మగదాని రెక్కల పైభాగము ఊదా కలిసిన నీలి రంగులో ఉంటుంది. ఆడదానికి నల్లని అంచు వెడల్పుగా ఉంటుంది. వెనుక రెక్కకు వెంట్రుక వంటి తోక, దాని ప్రక్కన నారింజ రంగు అంచు గల నల్లని చుక్క ఉంటాయి.

ఆహారము

గొంగళిపురుగుల ముఖ్య ఆహారము సైకస్ జాతి చెట్ల లేత ఆకులు. ముదిరిన ఆకు గట్టిపడుతుంది, దానిని ఇవి తినలేవు. కనుక చిగురు వేసిన కొద్ది రోజులలోనే తల్లి గుడ్లు పెట్టాలి. అడవిలో సైకస్ ఏడాదిలో ఏ కొద్దిసార్లో చిగురిస్తుంది. తోటలలో అయితే ఒక్కో మొక్క ఒక్కో సమయంలో చిగురించడం వలన మేత దొరుకుతూనే ఉంటుంది. గొంగళిపురుగుల వంటి మీద ఊరే తీపి ద్రవము కొరకు చీమలు వాటి చుట్టూ చేరి కాపలా కాస్తాయి.

వ్యాప్తి

భారతదేశము, శ్రీలంక, మయన్మార్ మొదలుకొని ఇండోనేషియా వరకు ఇది సహజంగా ఉన్నది. హనుమకొండ జిల్లాలోని ధర్మసాగర్ వంటి మైదాన ప్రాంతాలలో సైకస్ అడవి చెట్టు కాదు, అలంకారానికి నాటినదే. చెరువుగట్టు గడ్డిలో ఎగిరే చిన్న నీలి సీతాకోకచిలుకలు చాలావరకు వేరే జాతులు. దీనిని చూడదలచినవారు ఇళ్ళ ముందరి సైకస్ కుండీల వద్ద, అందునా చిగురు వేళ, వెదకాలి.

ఈ అలంకార మొక్కల రవాణాతోనే ఇది సముద్రాలు దాటింది. 2005లో పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ ద్వీపంలో కనబడింది. అక్కడి సైకస్ మైక్రోనేసికా చెట్లు 2003లో ప్రవేశించిన పొలుసు పురుగు వలన అప్పటికే చనిపోతున్నాయి. ఎక్కువ నష్టము ఆ పురుగుదే అయినా, మిగిలిన చెట్ల చిగుళ్ళను ఈ గొంగళిపురుగులు తినివేశాయి.

ఆంధ్రప్రదేశ్‌లో తిరుమల-శేషాచలం కొండలలో మాత్రమే సహజంగా పెరిగే సైకస్ బెడ్డోమి అంతరించే ప్రమాదంలో ఉన్నది. దానిని పేరిత అని, మదనకామాక్షి అని అంటారు. మందు కొరకు మగ కంకులను కోసివేయుట దానికి ఒక ముప్పు. ఈ సీతాకోకచిలుక ఈ నేలకు కొత్త కాదు గనుక గువామ్‌తో పోల్చి దీనినే దోషిగా నిలబెట్టుట సరికాదు.